పురుగుకి పాఠం చెప్తున్నది మనమే

పుదూరు బజారులో గాని, కోవిల్‌పట్టి పోయే బస్సులో గాని, ఇద్దరు రైతులు పంట గురించి మాట్లాడుకుంటే ఒక మాట తప్పకుండా వస్తుంది: “పురుగు మందుకి అలవాటు పడిపోయింది. ఇంకా గట్టి మందు కావాల.” మన ఇండ్లలో పెద్దవాళ్ళు ఇదే అంటారు. మందుల అంగడిలోనూ ఇదే అంటారు. పరీక్షలో మనం కూడా ఇట్లాగే రాస్తాం: “జీవులు పరిసరాలకు తగినట్లు తమను తాము మార్చుకుంటాయి.” ఆ మాట తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను. పెద్దవాళ్ళను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. కానీ ఆ మాటను నమ్మడం వల్ల ఏటా చేలో డబ్బు పోతోంది. ఒక్కోసారి మనిషి ప్రాణమే పోతోంది. అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

అలవాటు అంటే ఏమిటి? మనిషి కారానికి అలవాటు పడతాడు, చలికి అలవాటు పడతాడు. మొదట ఓర్చుకోలేనివాడే తర్వాత ఓర్చుకుంటాడు. పురుగు కత అట్లా కాదు. మందు తగిలిన పురుగు చచ్చిపోతుంది. చచ్చిన పురుగుకి అలవాటు ఎట్లా వస్తుంది? బతికిన పురుగు మందు రాకముందే వేరే రకంగా పుట్టి ఉంది. దాని జన్యువులో ఒక చిన్న మార్పు ముందే ఉంది. లక్షల్లో ఒకదానికి అట్లా ఉండవచ్చు. మందు లేనప్పుడు ఆ మార్పుతో దానికి పెద్ద లాభం లేదు. మందు కొట్టిన రోజు మాత్రం మిగతావన్నీ పోయి అది మిగులుతుంది. మరుసటి తరమంతా దాని పిల్లలే.

అవ్వ జల్లెడ పడితే నూక కిందికి పోయి బియ్యం పైన నిలుస్తుంది. బియ్యం ఏమీ నేర్చుకోలేదు, జల్లెడే ఏరింది. పురుగుల్లో ఈ ఏరికకే ప్రకృతి వరణం అని పేరు. పుస్తకంలో ‘ప్రకృతి’ అని ఉంది గాని, చేలో జల్లెడ పట్టే చేయి మనది.

పత్తికీ పురుగుకీ మధ్య పోట్లాట మనిషి మందు కనిపెట్టినాక మొదలైంది కాదు. ఒక పత్తి ఆకును కోసి వెలుతురుకి ఎదురుగా పట్టి చూడండి. చిన్న చిన్న నల్లని చుక్కలు కనపడతాయి. వాటిలో గాసిపాల్ అనే విషం ఉంటుంది. ఆకు తినే పురుగుల మీద పత్తి సొంతంగా తయారు చేసుకున్న మందు అది. ఇప్పుడు ఆకును తిరగేసి నడిమి ఈనె మీద చూడండి. ఒక చిన్న గుంట ఉంటుంది. దాంట్లో తీపి రసం ఊరుతుంది. పూవు కాని చోట తేనె ఎందుకు? చీమల కోసం. తేనెకి వచ్చిన చీమలు ఆకు మీద తిరిగే పురుగులనీ, వాటి గుడ్లనీ పట్టుకుపోతాయి. అంటే పత్తి తీపి పెట్టి కాపలాదార్లను పిలుచుకుంటోంది.

పురుగులూ ఊరుకోలేదు. గాసిపాల్ ఉన్న కాయను తిని కూడా బతికే పురుగులు మిగిలాయి. మన గట్ల మీది జిల్లేడునే చూడండి. దాని పాలు విషం, మేక కూడా ముట్టదు. కానీ ఒక నారింజ రంగు సీతాకోకచిలుక పిల్లలు ఆ ఆకునే తిని పెరుగుతాయి. ఆ విషాన్ని ఒంట్లో దాచుకుని పక్షుల నోటికి చేదుగా తయారవుతాయి. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు అని మన సామెత. మొక్క మారితే పురుగు మారాల, పురుగు మారితే మొక్క మారాల. ఒకదాని జన్యువులు ఇంకొకదాని జన్యువులను ఇట్లా తరతరాలుగా మలుస్తూ పోవడమే సహపరిణామం. 1964లో పాల్ ఎర్లిక్, పీటర్ రేవెన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు సీతాకోకచిలుకలనీ వాటి మొక్కలనీ చూసే ఈ ఆలోచనను ప్రపంచం ముందు గట్టిగా పెట్టారు.

ఈ పోట్లాట లక్షల ఏండ్లుగా నడుస్తున్నా ఏ పక్కా పూర్తిగా గెలవలేదు. ఎందుకంటే పత్తి చేతిలో ఒక్క ఆయుధమే లేదు. విషం ఉంది, చీమలున్నాయి, పురుగు గుడ్లలో గుడ్లు పెట్టే సన్న కందిరీగలున్నాయి, సాలీళ్ళున్నాయి, పక్షులున్నాయి. ఒకదాన్ని తప్పించుకున్న పురుగు ఇంకొకదానికి దొరుకుతుంది. మనిషి వచ్చి ఏం చేశాడు? ఒకే ఆయుధం పట్టుకుని, అన్ని చేలలో, అన్ని రోజులూ దాన్నే వాడాడు. పైగా ఆ మందుకి చీమలు, కందిరీగలు ముందు చచ్చాయి. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్లు అయింది.

1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఇదే జరిగింది. సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే కొత్త మందులు వచ్చాయి. మొదట బాగా పనిచేశాయి. అందరూ వాటినే మళ్ళీ మళ్ళీ కొట్టారు. శనగపచ్చ పురుగు వాటికి చావడం మానేసింది. అప్పులు మిగిలాయి. పదేండ్ల తర్వాత, 1997–98లో, వరంగల్ జిల్లాలో పత్తి దెబ్బతిని రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. మన భాష మాట్లాడే, మనలాగే నల్లరేగడిలో పత్తి పెట్టుకునే వాళ్ళే వాళ్ళంతా.

అప్పుడు బీటీ పత్తి వచ్చింది. దీని కతలో మన ఊరి పక్క సంగతి ఒకటుంది. 1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన నిలయం పెట్టారు. వాన మీద బతికే మన కరిసలు నేల కోసం, కరుంగన్ని పత్తిలో మంచి రకాల కోసం అక్కడ పని జరిగింది. అదే 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త పట్టుపురుగులను చంపుతున్న ఒక బాక్టీరియాను పట్టుకున్నాడు. తర్వాత జర్మనీలో దానికి బాసిల్లస్ తురింజియెన్సిస్ అని పేరు పెట్టారు. బీటీ అంటే అదే. అది మట్టిలో ఉండే జీవి. దాంట్లో తయారయ్యే ఒక ప్రొటీన్ పురుగు పేగులోకి పోయి, అక్కడి కణాల మీదున్న ఒక గ్రాహకానికి తాళంచెవి తాళానికి పట్టినట్లు పట్టుకుని, పేగుకి రంధ్రాలు చేస్తుంది. మనిషి పేగులో ఆ తాళం లేదు కాబట్టి మనకు ఆ పని జరగదు. ఆ ప్రొటీన్ జన్యువును శాస్త్రవేత్తలు పత్తిలో పెట్టారు. 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ మొదటి రాష్ట్రాల్లోనే ఉన్నాయి. 2006లో రెండు బీటీ జన్యువులున్న పత్తి వచ్చింది. కొన్నేండ్లకే దేశంలో పత్తి నేల పదింట తొమ్మిది పాళ్ళు బీటీ అయిపోయింది.

గులాబీ రంగు పురుగు ఏం చేసింది? ఏమీ చేయలేదు, మనం ఏరి పెట్టాం. 2010లో గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో మొదటి బీటీ జన్యువుకి ఈ పురుగు చావడం లేదని విత్తనాల కంపెనీయే చెప్పింది. ఇంకో అయిదారేండ్లకు రెండు జన్యువుల పత్తిలోనూ బతికింది. మన దేశపు చేలనుంచి తెచ్చిన ఆ పురుగులను పరీక్షిస్తే, పేగులో తాళం పనిచేసే కాడెరిన్ జన్యువు చెడిపోయి కనపడింది. తాళం మారిపోతే చెవి ఏం చేస్తుంది? 2017లో మహారాష్ట్ర, తెలంగాణ చేలలో కాయ పగలగొడితే లోపల గులాబీ పురుగు. బీటీ వేసినా మళ్ళీ మందు కొట్టాల్సి వచ్చింది. ఆ ఏడు యవత్మాల్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఆ విషం ఒంటికి ఎక్కి దాదాపు 20 మంది రైతులు, కూలీలు చనిపోయారు. “ఇంకా గట్టి మందు” అనే మాట చివరికి పోయి నిలబడే చోటు అదే.

ఇక్కడ చాలామంది “బీటీయే మోసం” అంటారు. నేను ఒప్పుకోను. అదే గులాబీ పురుగు అమెరికాలోని అరిజోనాలో కూడా ఉండేది. అక్కడ 1996లోనే బీటీ పత్తి వేశారు. అదే పురుగు, అదే జన్యువు. కానీ 2018లో అమెరికా పత్తి నేలలో ఈ పురుగు పూర్తిగా పోయిందని ప్రకటించారు. మన దేశంలో పురుగు గెలిచింది, అక్కడ ఓడింది. తేడా ఎక్కడ ఉంది?

తేడా ఆశ్రయ పంటలో ఉంది. బీటీ చేను పక్కన కొంత బీటీ లేని పత్తి వేయాలనే నియమం అక్కడి రైతులు పాటించారు. 2006 నుంచి గొడ్రాలు చేసిన రెక్కల పురుగులను కూడా కోట్ల లెక్కన వదిలారు. ఆశ్రయ పంట ఎందుకో ఒక లెక్క చెప్తాను. ప్రతి పురుగుకీ ఆ జన్యువు రెండు ప్రతులు ఉంటాయి, తల్లిది ఒకటి, తండ్రిది ఒకటి. ఉదాహరణకి వెయ్యి ప్రతుల్లో ఒకటి ‘చావని’ రకం అనుకుందాం. రెండు ప్రతులూ చావని రకమే అయిన పురుగు వెయ్యిని వెయ్యితో గుణిస్తే వచ్చే పది లక్షల్లో ఒకటి. ఆ ఒక్కటే బీటీ చేలో బతుకుతుంది. ఊరంతా బీటీయే ఉంటే, అట్లా అక్కడక్కడ బతికినవి రెండు ఒకదాన్నొకటి కలుస్తాయి. పిల్లలన్నీ చావని రకమే. పక్కన బీటీ లేని పత్తి ఉంటే దాంట్లోంచి వేలకొద్దీ మామూలు పురుగులు వస్తాయి. బతికిన ఆ ఒక్కటి మామూలుదాన్నే కలుస్తుంది. పిల్లలకు ఒక ప్రతి చావని రకం, ఒకటి మామూలుది. బీటీ తింటే అవి చస్తాయి. పురుగును బతకనిచ్చే ఆ కొంచెం నేలే మిగతా నేలను కాపాడుతుంది. చైనాలో బీటీ లేని మొక్కలు కూడా కలిసిన విత్తనాలు రైతులు వేసినాక, పెరుగుతున్న నిరోధం మళ్ళీ తగ్గిందని 2017లో తేలింది.

మన దేశంలో కూడా ఈ నియమం ఉంది. చుట్టూ అయిదు వరుసలు గాని, 20 శాతం నేల గాని, ఏది ఎక్కువైతే అది వేయాలన్నారు. 450 గ్రాముల బీటీ విత్తనాలతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనాల పొట్లం కూడా ఇచ్చేవాళ్ళు. ఆ చిన్న పొట్లం చాలా చోట్ల గట్టు మీదే ఉండిపోయింది.

రైతు మీద కోపపడటం సులభం. కానీ ఆయన అడిగే ప్రశ్న కూడా వినాల. “నాకుండేదే మూడెకరాలు. దాంట్లో అయిదో వంతు పురుగుకి దానం చేయాలా? నేను వేస్తే పక్కవాడు వేయడు. లాభం వాడికి, నష్టం నాకు.” ఇది న్యాయమైన మాటే. అరిజోనా రైతుకి వందల ఎకరాలు ఉంటాయి, మనకు లేవు. అందుకే నేనంటాను: ఇది ఒక్కొక్క రైతు తలమీద పెట్టే పని కాదు. చెరువు పూడిక ఊరంతా కలిసి తీస్తాం గదా, ఇదీ అట్లాంటిదే. ఊరికంతా ఒక పక్క ఆశ్రయ పంట, దాని నష్టం అందరూ పంచుకోవడం, పంచాయతీ దాన్ని లెక్క పెట్టుకోవడం. రెక్కల పురుగు సర్వే నంబర్లు చూసి ఎగరదు. ఆశ్రయ పంటకి మొలిచే మంచి విత్తనం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీలది. అది చూడాల్సింది ప్రభుత్వం. ఈమధ్య రెండు రకాలూ ఒకే సంచిలో కలిపి ఇచ్చే పద్ధతి తెచ్చారు. మంచిదే, కానీ ఎందుకు కలిపారో రైతుకి చెప్పకపోతే “కల్తీ విత్తనం” అనే అనుకుంటాడు.

ఇంకొంతమంది “పాత కరుంగన్నికి పోదాం, అన్నీ సరిపోతాయి” అంటారు. కరుంగన్ని మన నేలకి తగిన పత్తి. ఎండకి ఓర్చుకుంటుంది, రసం పీల్చే పురుగులకి త్వరగా లొంగదు. దాన్ని కాపాడుకోవాల్సిందే. కానీ అది మంత్రం కాదు. గులాబీ పురుగుకి శాస్త్రీయంగా పేరు పెట్టింది 1843లో, అదీ మన దేశపు పత్తిలో దొరికిన పురుగును చూసి. అప్పుడు బీటీ లేదు. మన తాతల పత్తినీ అది తిన్నది. ఏ విత్తనమైనా ఊరంతా అదొక్కటే వేస్తే, దాన్ని తినగలిగే పురుగును ఏరి పెట్టినట్లే.

కంది పంట ఒక మంచి పాఠం చెప్తుంది. శనగపచ్చ పురుగు పత్తిని తింటుంది, కందినీ శనగనీ టమాటానీ కూడా తింటుంది. మన దేశంలో పత్తి పక్కన కంది, శనగ ఉండటం వల్ల ఆ చేలే దానికి ఆశ్రయ పంటలయ్యాయి. అందుకే బీటీని అది అంత త్వరగా దాటలేకపోయింది. గులాబీ పురుగుకి దాదాపు పత్తి తప్ప వేరే తిండి లేదు. అందుకే అది ముందు దాటింది. “కంది వేశాం, సరిపోతుంది” అనేవాళ్ళు ఈ తేడా గమనించాల. ఎవరు ఎవర్ని తింటారో తెలియకుండా మందు గురించి మాట్లాడటం దండగ.

“మన పక్క ఇప్పుడు పత్తి తగ్గింది, మక్కజొన్న వేస్తున్నాం, మాకెందుకు ఈ కత?” అని అడగవచ్చు. మక్కజొన్నలోకి 2018లో అమెరికా ఖండం పురుగు వచ్చింది. తమిళంలో పడైప్పుళు, తెలుగులో కత్తెర పురుగు. ఆ మే నెలలో మొదట కర్ణాటకలో కనపడి, ఆ ఏడే తమిళనాడుకి వచ్చింది. సుడిలో దూరి తినే పురుగు కాబట్టి, సుడిలోకి మందు పోయడమే మన పని అయింది. ఇదే పురుగు ప్యూర్టోరికో దీవిలో బీటీ మక్కజొన్నను 2006కే దాటేసింది. ఒకే మందును నాలుగు సార్లు కొడితే ఇక్కడా అదే జరుగుతుంది. మక్కజొన్న నడుమ మినుములు గాని అలసందలు గాని వేయడం, లింగాకర్షక బుట్టలు పెట్టడం, గుడ్లను తినే కందిరీగలను చంపకుండా ఉండటం, తప్పనిసరైతేనే మందు, అదీ మార్చి మార్చి. ఇవి పాత చిట్కాల లాగా వినపడతాయి. నిజానికి ఇవి పురుగుకి ఒకేసారి నాలుగైదు జల్లెడలు. ఒకదాన్ని దాటినది ఇంకొకదాంట్లో పడుతుంది.

ఆసుపత్రిలో కూడా ఇదే నియమం. జలుబుకి కూడా ఆంటీబయాటిక్ అడిగి మింగుతున్నాం. జలుబు వైరస్ మీద అది పనిచేయదు. మన ఒంట్లోని బాక్టీరియాల్లో మాత్రం చావనివాటిని ఏరి పెడుతుంది. చేలో అయినా ఒంట్లో అయినా లెక్క ఒకటే.

ఇప్పుడు బడి సంగతి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోంచి జీవపరిణామం పాఠాన్ని తీసేసింది. 1800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు అది తప్పని సంతకాలు పెట్టారు. పదో తరగతితో చదువు ఆపేసి చేలోకి పోయే పిల్లలు ఎంతమంది! వాళ్ళకే ఈ పాఠం ఎక్కువ కావాల. మన తమిళనాడు పుస్తకంలో ఆ పాఠం ఉంది, సంతోషం. కానీ డార్విన్ పుట్టిన తేదీ, ఓడ పేరు, రెండు మార్కుల జవాబు, ఇంతటితో అయిపోతే ఉన్నా లేనట్లే. జిరాఫీ మెడ కత చెప్తాం. జిరాఫీని మనం ఎవరం చూడలేదు. గులాబీ పురుగును చూడటానికి చేను దాకా నడిస్తే చాలు.

అందుకే అడుగుతున్నాను. అయ్యవార్లూ, అమ్మవార్లూ, ఆ పాఠాన్ని పత్తి ఆకు చేతికిచ్చి చెప్పండి. నాయనలూ, మామలూ, మందు కొనేముందు పోయిన సారి కొట్టింది ఏ రకమో చూడండి, పేరు మారినా లోపలి మందు అదేనా అని అడగండి. చివరి తీత అయినాక పత్తి కట్టెను చేలో నిలబెట్టకండి. మిగిలిన కాయల్లోనే వచ్చే ఏటి పురుగు నిద్రపోతూ ఉంటుంది. గొర్రెలను, మేకలను తోలితే అవి ఆ కాయలు మేసేస్తాయి. విత్తనాల సంచి మీద చిన్న అక్షరాలు చదవడానికి కండ్లు ఆనకపోతే మమ్మల్ని పిలవండి, మేం చదివి పెడతాం. తోటి విద్యార్థులారా, ఐప్పసి వానలకి ముందు మీ ఇంట్లో ఏ విత్తనం తెచ్చారో చూడండి. ఆశ్రయ విత్తనాల పొట్లం విడిగా ఉంటే గట్టు మీద ఉండిపోనివ్వకండి. ఎవరైనా “పురుగు అలవాటు పడింది” అంటే, గౌరవంగానే, “లేదు తాతా, మనమే ఏరాం” అని చెప్పండి. ఆ ఒక్క మాట మారితే తర్వాత అడగాల్సిన ప్రశ్న కూడా మారుతుంది. “ఇంకా గట్టి మందు ఏది?” అనడం మాని, “ఈ ఏడు మన ఊరు ఎన్ని రకాల జల్లెడలు పట్టింది?” అని అడుగుతాం.